పాపాయి చేతికి చెంచా ఎప్పుడు ఇవ్వాలి, ఎలా నేర్పాలి

ఏడాది నిండిన బిడ్డకు గోరుముద్దలు పెడుతుంటే తిన్నగా కూర్చోదు. మీ చేతిలోని గిన్నెలో చేయి పెడుతుంది, చెంచా లాక్కుంటుంది. ఒళ్లంతా పూసుకుంటుందని మనం ఆ చేతిని పక్కకు తీసేసి, గబగబా నాలుగు ముద్దలు నోట్లో పెట్టి మూతి తుడిచేస్తాం. అలా రెండు మూడు నెలలు గడిస్తే బిడ్డ లాక్కోవడం మానేసి నోరు తెరిచి కూర్చోవడం అలవాటు చేసుకుంటుంది. తర్వాత ప్లే స్కూల్లో వేసే ముందు "వీడికి తినడమే రాదు, అక్కడ ఎవరు తినిపిస్తారు" అని బెంగ పడతాం. ఆ లాక్కునే రోజులే నేర్పడానికి సరైన రోజులు.

ఎంత నేర్పినా రావడం లేదంటే చాలాసార్లు లోపం బిడ్డలో ఉండదు. అన్నం పలచగా ఉంటుంది, కాళ్లు గాల్లో వేలాడుతుంటాయి, గిన్నె జారిపోతుంటుంది. ముందు ఈ మూడూ సరిచేసుకోండి. చెంచా పట్టించడం ఆ తర్వాతి మాట.

ఏ వయసుకు ఏది వస్తుంది

ఆరు నెలలు నిండి అన్నప్రాసన అయిన బిడ్డ ఏది దొరికినా పిడికిలి నిండా పట్టుకుని నోటికి తీసుకెళ్తుంది. తొమ్మిది నెలల ప్రాంతంలో వేళ్లన్నీ కలిపి మెతుకులను తన వైపు లాక్కుంటుంది. ఏడాదికి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో మెతుకు ఏరడం వస్తుంది. 15 నెలలకు కొన్ని పదార్థాలైనా తన వేళ్లతో తింటుంది. 18 నెలలకు చెంచాతో ప్రయత్నిస్తుంది, మూత లేని గ్లాసుతో ఒలకబోసుకుంటూ తాగుతుంది. రెండేళ్లకు చెంచాతో తింటుంది. ఫోర్కు మూడేళ్లకు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో ఉన్న వయసులివి. నూటికి 75 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పిల్లలు ఆ వయసుకు చేయగలిగే పనులనే అందులో పెట్టారు. అక్కడ పెద్దవాళ్లూ చెంచాతోనే తింటారన్నది గుర్తుంచుకోండి. చేత్తో తినే మన ఇళ్లలో బిడ్డకు ముందు చేయి వస్తుంది, చెంచా రెండు మూడు నెలలు వెనక వచ్చినా కంగారు లేదు. చేత్తో బాగా తింటున్న బిడ్డకు చెంచా త్వరగా పట్టుబడుతుంది కూడా.

కూర్చోబెట్టడం

మీరు బాగా ఎత్తైన స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని ఒక పూట భోంచేసి చూడండి. నడుము నిలబెట్టుకోవడంతోనే సరిపోతుంది, చేతి మీద ధ్యాస ఉండదు. బిడ్డ పరిస్థితీ అంతే. హై చైర్‌లో పాదాలు మోపడానికి చెక్క ఉండాలి. లేకపోతే గట్టి అట్టపెట్టెలో పాత పుస్తకాలు నింపి టేపు వేసి కాళ్ల కింద పెట్టండి. మోకాళ్లు సమంగా వంగాలి, పాదాలు పూర్తిగా ఆనాలి. ట్రే ఎత్తు బిడ్డ మోచేతులకు సరిపోవాలి. ట్రే చంకల దాకా వస్తే భుజాలు ఎగబట్టి తినాల్సి వస్తుంది, చెంచా నోటికి చేరేలోపే చేయి లాగేస్తుంది. అలాంటప్పుడు కింద మడతపెట్టిన దుప్పటి వేసి బిడ్డను పైకి లేపండి.

నేల మీద కూర్చుని తినే ఇంట్లో హై చైర్ కొనాల్సిన పని లేదు. బిడ్డను గోడకు ఆనించి కూర్చోబెట్టి, గిన్నెను మాత్రం నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. గిన్నె బొడ్డు ఎత్తుకు రావాలి. నేల మీద పెడితే ప్రతి ముద్దకూ బిడ్డ ముందుకు వాలి లేవాలి, ఆ దూరంలోనే సగం అన్నం ఒళ్లో పడుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పడం కష్టం, మీ కదలికకు బిడ్డ చేయి కూడా కదులుతుంది. నడుస్తూ, పరిగెడుతూ తినడం మొదటి రోజు నుంచే వద్దు. అది గొంతుకు అడ్డం పడడానికి దారి.

గిన్నె, చెంచా

పళ్లెం వద్దు. పళ్లెంలో అన్నాన్ని ఎంత తోసినా ముందుకు జారుతుందే తప్ప చెంచాలోకి ఎక్కదు. అడుగు సమంగా, అంచులు నిటారుగా ఉన్న చిన్న స్టీలు గిన్నె మంచిది. ఆ గోడకు ఆనించి తోస్తే అన్నం చెంచాలోకి వచ్చి తీరుతుంది. గిన్నె కింద తడిపి పిండిన గుడ్డ నాలుగు మడతలు వేసి పెడితే జారదు. అడుగున గాలిపట్టు ఉండే సిలికాన్ గిన్నెలు నున్నటి ట్రే మీద బాగానే అతుక్కుంటాయి, గరుకు చెక్క మీద, గళ్లున్న టైల్స్ మీద అతుక్కోవు. స్టీలు గిన్నెకు ఒక్కటే ఇబ్బంది, వేడి. అన్నం వేరే గిన్నెలో కలిపి ఆరబెట్టి, అప్పుడు బిడ్డ గిన్నెలో వేయండి.

చెంచా పొడవు మొత్తం 12 నుంచి 14 సెంటీమీటర్లు చాలు. పిడి పొట్టిగా, మీ చిటికెన వేలంత లావుగా ఉండాలి. పిడికిలితో పట్టే బిడ్డకు సన్నటి పిడి చేతిలో తిరిగిపోతుంది. అన్నం పట్టే భాగం లోతు తక్కువగా, బిడ్డ నోటికన్నా సన్నగా ఉండాలి. లోతైన చెంచాలో అన్నం బాగానే నిలుస్తుంది గానీ నోట్లో పెట్టాక బిడ్డ పెదవి అడుగు దాకా అందదు, సగం చెంచాలోనే మిగిలిపోతుంది. ఇంట్లో ఉన్న టీ స్పూనుతోనే నడిపించాలనుకుంటే పిడికి శుభ్రమైన నూలు పీలిక గట్టిగా చుట్టి కుట్టేయండి, రోజూ ఉతకండి. రబ్బరు బ్యాండ్లు చుట్టొద్దు, ఊడితే నోట్లోకి వెళ్తాయి. ఒకే రకం చెంచాలు రెండు మూడు ఉంచుకోండి. ఒకటి కింద పడుతుంది, ఒకటి బిడ్డ చేతిలో ఉంటుంది, ఒకటి మీకు కావాలి.

అమ్మమ్మల నాటి ఉగ్గుగిన్నె చంటిబిడ్డ నోట్లో పాలు జారవిడవడానికి చక్కగా పనికొస్తుంది. తినడం నేర్పడానికి పనికిరాదు, దాన్ని పెద్దవాళ్లే పట్టుకోవాలి.

అన్నం చిక్కదనం

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. చెంచాలో అన్నం తీసుకుని పక్కకు వంచి మూడు అంకెలు లెక్కపెట్టండి. జారిపోతే అది నేర్చుకునే బిడ్డకు పనికిరాని అన్నం. మొదట్లో బిడ్డ మణికట్టు తిరగదు, చెంచా నోటి దగ్గరకు వచ్చేసరికి పక్కకో కిందికో వాలుతుంది. వాలినా నిలిచే అన్నం ఉంటే ముద్ద నోట్లోకి వెళ్తుంది, బిడ్డకు హుషారొస్తుంది. నాలుగుసార్లు ఖాళీ చెంచా నోట్లో పెట్టుకుంటే చెంచా విసిరేసి ఏడుస్తుంది.

ఒక పూటకు కొలత ఇది. బియ్యం 3 టేబుల్ స్పూన్లు, పెసరపప్పు 1 టేబుల్ స్పూను కడిగి 15 నిమిషాలు నానబెట్టండి. చిటికెడు పసుపు, 240 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కుక్కర్లో నాలుగైదు విజిల్స్ రానివ్వండి. ఆవిరి పోగానే, వేడిగా ఉండగానే గరిటె వెనకతో మెదపండి. చల్లారాక మెదిపితే మెతుకు విరగదు, ఉండలు కడుతుంది. 1 టీ స్పూను నెయ్యి వేయండి. నెయ్యి అంతకు మించితే వేళ్లు జారి ముద్ద చేతిలో నిలవదు. దించగానే కాస్త పలచగా అనిపిస్తుంది, పది నిమిషాల్లో చిక్కబడుతుంది, తొందరపడి ఇంకా ఉడికించకండి. కొత్త బియ్యమైతే బంక ఎక్కువ, నీళ్లు రెండు మూడు చెంచాలు తగ్గించండి. పాత బియ్యం పొడిపొడిగా అవుతుంది, అరకప్పు దాకా నీళ్లు పెంచాలి. ఏడాది లోపు బిడ్డకు ఉప్పు వేయకండి.

పెరుగన్నం చెంచాకు మొదటి పాఠం. మెత్తటి అన్నం 3 టేబుల్ స్పూన్లకు గట్టి పెరుగు ఒకటిన్నర టేబుల్ స్పూన్లు వేసి మెదిపి పది నిమిషాలు వదిలేయండి. మెతుకు పెరుగును పీల్చుకుని చెంచాకు అతుక్కునేలా తయారవుతుంది. మనం తినే మజ్జిగన్నంలా కలిపితే మొదటికే మోసం.

ముద్దపప్పన్నం, కట్టె పొంగలి, మెదిపిన అరటిపండు, ఉడికించి మెదిపిన చిలగడదుంప, చిక్కటి సేమ్యా పాయసం చెంచాలో నిలుస్తాయి. చారన్నం, పప్పుచారన్నం, పలచటి జావ, పొడిపొడి పులావు నిలవవు, రెండేళ్ల దాకా వాటిని మీరే తినిపించండి. రాగి సంగటిది ఇంకో తీరు, చెంచాకు అతుక్కుంటుంది గానీ నోట్లో వదలదు. సంగటిని చెంచాతో పెట్టాలంటే కాస్త పెరుగు కలిపి వదులు చేయాలి, లేదా చిన్న చిన్న ముద్దలు చేసి చేత్తోనే తిననివ్వాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని కాచి చల్లార్చిన నీళ్లతో గట్టిగా కలిపితే చెంచా సాధనకు బాగుంటుంది. జావలా చేస్తే మళ్లీ అదే తంటా.

ఉప్మా ఇచ్చేటప్పుడు పోపు గింజలు తీసేయండి. వేగిన శనగపప్పు, వేరుశనగ గింజ, మిరపకాయ ముక్క, కరివేపాకు ఏవీ ఉండకూడదు. బిడ్డ వాటా ముందే పోపు లేకుండా చేసుకోవడం సుఖం.

నేర్పే క్రమం

మనం దేన్నైనా మొదటి నుంచి చివరికి నేర్పుతాం. ఇక్కడ చివరి నుంచి వెనక్కి నేర్పాలి. చెంచాతో తినడంలో నాలుగు పనులున్నాయి: చెంచా పట్టడం, గిన్నెలో ముంచి తోడడం, పైకెత్తడం, నోట్లో పెట్టుకోవడం. వీటిలో కష్టమైంది తోడడం. దానితో మొదలుపెడితే బిడ్డ అక్కడే ఆగిపోతుంది. నోట్లో పెట్టుకోవడంతో మొదలుపెడితే ప్రతిసారీ పని ముద్దతో పూర్తవుతుంది.

మొదటి మెట్టు చేతి ముద్ద. ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా రోజూ ఒక పూటైనా బిడ్డ చేత్తో తిననివ్వండి. మెత్తగా కలిపిన అన్నాన్ని పెద్ద రేగిపండంత ముద్దలు చేసి రెండో మూడో ముందు పెట్టండి. బిడ్డ పిడికిట్లో నలిపి, వేళ్ల సందుల్లోంచి వచ్చింది నాకుతుంది. అది తినడమే. వేళ్లు కలిపి ఏరడం వచ్చాక ముద్దలు తగ్గించి మెతుకులు, ఇడ్లీ తుంపలు వేయండి. ఇడ్లీని మీ వేలంత పొడవు ముక్కలుగా కోస్తే పట్టుకోవడం తేలిక. ఉడికించిన క్యారెట్, బంగాళాదుంప కూడా అలాగే. రెండు వేళ్ల మధ్య నొక్కితే నలిగిపోయేంత ఉడకాలి.

రెండో మెట్టు నింపిన చెంచా. 10 నుంచి 12 నెలల మధ్య మొదలుపెట్టొచ్చు. మీరు చెంచాలో సగం దాకా అన్నం తీసి, పిడి బిడ్డ వైపు వచ్చేలా గాల్లో అడ్డంగా పట్టుకోండి. గిన్నెలో పెట్టి తీసుకోమనకండి. బిడ్డ దాన్ని అందుకుని నోట్లో పెట్టుకుంటుంది. ఆలోపు మీరు రెండో చెంచా నింపి ఉంచండి. ఒకటి ఖాళీ అవగానే ఇంకొకటి అందాలి. మధ్యలో ఖాళీ దొరికితే చెంచాతో ట్రే మీద దరువు మొదలవుతుంది. మొదటి వారం రోజులు చెంచా తలకిందులుగా నోట్లోకి వెళ్తుంది, పిడి వైపు నుంచి చప్పరిస్తుంది. సరిదిద్దకండి. అన్నం అటువైపు ఉందని నాలుకే చెబుతుంది.

మూడో మెట్టులో మీ చేయి తోడుంటుంది. బిడ్డకు ఎదురుగా కాకుండా వెనక, కుడి పక్కగా కూర్చోండి. ఎదురుగా కూర్చుని పట్టుకుంటే మీ మణికట్టు తిరిగే దిక్కు బిడ్డకు అడ్డం వస్తుంది. బిడ్డ పిడికిలి మీద మీ చేయి మూసి, ఇద్దరూ కలిసి గిన్నెలో తోడి పైకెత్తండి. నోటికి నాలుగు వేళ్ల దూరంలో వదిలేయండి, మిగతాది బిడ్డ పని. ఐదు చెంచాల్లో మూడు సరిగ్గా నోట్లోకి వెళ్తున్నాయంటే ఇంకాస్త ముందే వదలండి. ఆ తర్వాత మీ చేతిని పిడికిలి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి మోచేతికి జరపండి. చివరికి మోచేతి కింద వేలు తాకించి ఉంచితే చాలు. ఒక్కో చోట నాలుగైదు రోజులు పట్టొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు. బిడ్డ చేయి లాక్కుంటే వదిలేయండి. బలవంతంగా పట్టి ఉంచిన చేయి ఏమీ నేర్చుకోదు.

నాలుగోది తోడడం. ఇది 15 నుంచి 20 నెలల మధ్య కుదురుతుంది. గిన్నెలో అన్నాన్ని అవతలి గోడ వైపు గట్టుగా చేసి పెట్టండి. చెంచాను గోడ వైపు తోసి, గోడ వెంట పైకి గీకడం చూపించండి. మాటలతో చెప్పేకన్నా పక్కన కూర్చుని మీరు ఒక గిన్నె పెరుగన్నం చెంచాతో నెమ్మదిగా తినండి, అదే మేలు. ఎడమ చేత్తో అన్నాన్ని చెంచాలోకి తోసుకుంటే తోసుకోనివ్వండి. అది తెలివే, తర్వాత అదే మానుకుంటుంది. గిన్నెలో ఒక్కసారికి రెండు మూడు చెంచాల అన్నమే వేసి, అయిపోయాక మళ్లీ వేయండి.

ఈ మెట్లన్నీ పూట మొత్తం చేయించొద్దు. బిడ్డ బాగా ఆకలితో ఉన్నప్పుడు నేర్పితే చిరాకు పడుతుంది, కడుపు నిండాక నేర్పితే ఆడుకుంటుంది. రెండు మూడు ముద్దలు మీరు పెట్టి ఆకలి మంట తగ్గించి, తర్వాత ఐదు నుంచి పది నిమిషాలు బిడ్డకు వదిలి, అలసిపోయాక మిగతాది మీరు పెట్టండి. మొత్తం భోజనం 20 నుంచి 30 నిమిషాల్లో ముగియాలి. ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డకు పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పావు నుంచి నిండుగా సరిపోతుంది. రోజుకు మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటో రెండో చిరుతిళ్లు. నేల మీద పడ్డది పోగా ఎంత తిన్నదన్నది ఒక్క పూటతో కొలవకండి, వారం చూడండి.

కలుపుకుని తినడం చివర్లో వస్తుంది, చాలామంది నేర్పడం మర్చిపోతారు. చెంచాతో చక్కగా తినే నాలుగేళ్ల పిల్లలు అన్నం, పప్పు విడివిడిగా పెడితే దిక్కులు చూస్తారు. రెండున్నర, మూడేళ్లకు గోరువెచ్చని అన్నం రెండు గుప్పెళ్లు, పక్కన ముద్దపప్పు ఒక చెంచా పెట్టి వేళ్ల చివర్లతో మెదపడం చూపండి. వేళ్ల రెండో కణుపు దాటి అన్నం అంటకూడదని ఒకసారి చెప్పండి, పది సార్లు చూపించండి. నాలుగు వేళ్ల మీద చిన్న ముద్ద, వెనక బొటనవేలు ఆనించి నోట్లోకి తోయడం. ఆ బొటనవేలు తోపు రాకపోతే పిల్లలు అరచెయ్యి మొత్తం నోట్లో పెట్టుకుంటారు. పప్పన్నం బాగా వచ్చాక కూరన్నం, ఆ తర్వాతే పులుసులు, చారు.

ఫోర్కు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తోడడం కన్నా గుచ్చడం తేలిక కాబట్టి 18 నెలలకే ఇచ్చి చూడొచ్చు. మొనలు మొద్దుగా ఉన్న స్టీలుది తీసుకోండి. ప్లాస్టిక్‌ది దేనిలోకీ దిగదు, బిడ్డ విసుక్కుంటుంది. ఇడ్లీ ముక్క, ఉడికిన బంగాళాదుంప, పనీర్, బొప్పాయి గుచ్చడానికి బాగుంటాయి. గ్లాసు విషయంలో కూడా అంతే, 50 మిల్లీలీటర్లు పట్టే చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కల నీళ్లు పోసి రెండు చేతులతో పట్టించండి. గ్లాసు అడుగున మీ వేలు ఆసరా ఉంటే చాలు.

దారి తప్పే చోట్లు

గిన్నె, చెంచా విసిరేయడం ఏడాది చుట్టూ ఉన్న పిల్లల్లో మామూలే. వస్తువు ఎక్కడికి పడుతుందో, మీరు ఎలా వంగి తీస్తారో అన్నది వాళ్లకు ఆట. నవ్వినా, కోప్పడినా ఆట రక్తి కడుతుంది. ఏమీ అనకుండా రెండో చెంచా ఇవ్వండి. రెండోసారీ విసిరితే "అయిపోయింది" అని చెప్పి గిన్నె తీసేయండి. అన్నం చేత్తో పక్కకు తోసేయడం చాలాసార్లు కడుపు నిండిందన్న సైగ. మాటలు రాని బిడ్డకు చేతులు ఊపి "చాలు" అనడం నేర్పితే విసరడం సగం తగ్గుతుంది.

పుక్కిట పట్టుకుని కూర్చోవడం ఇంకో బాధ. ఫోను చూస్తూ తినే పిల్లల్లో ఇది ఎక్కువ, నోట్లో ముద్ద ఉందన్న ధ్యాసే ఉండదు. ఒక్కరోజులో ఫోను తీసేస్తే రెండు మూడు రోజులు గొడవ చేసి తక్కువ తింటుంది, ఆ రోజుల్ని ముందే లెక్కలో వేసుకోండి. చందమామను చూపిస్తూ తినిపించిన కాలం కూడా ఇలాంటిదే అంటారు కొందరు. కాదు. అక్కడ తినిపించేవాళ్లు బిడ్డ మొహం చూస్తూ మాట్లాడేవారు, నమిలి మింగాకే తర్వాతి ముద్ద వచ్చేది.

నోరు నిండా కుక్కుకునే బిడ్డ ముందు ఒక్కసారికి ఒకటే ముక్క పెట్టండి, మింగాక ఇంకొకటి. అసలు తిననంటే పాల లెక్క చూడండి. ఏడాది దాటిన బిడ్డ రోజుకు అర లీటరు మించి పాలు తాగితే అన్నానికి ఆకలి ఉండదు, ఐరన్ కూడా తగ్గుతుంది. భోజనానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు ఆపండి.

ఎడమ చేత్తో తింటే ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చదు. ఏ చేతి వాటమన్నది రెండేళ్ల నుంచి నాలుగేళ్ల మధ్య స్థిరపడుతుంది, అప్పటిదాకా పిల్లలు రెండూ మార్చి మార్చి వాడతారు. చెంచాను ఎప్పుడూ గిన్నెకు మధ్యలో పెట్టండి, ఏ చేయి వస్తే ఆ చేయి. తిట్టి మార్పించిన చోట బిడ్డ చేయి మార్చడం అటుంచి చెంచానే వదిలేస్తుంది.

"అన్నం అలా పారబోయించకూడదమ్మా, పాపం" అని అత్తగారు అంటే ఆ మాటలో న్యాయం ఉంది. వాదించకుండా గిన్నెలో వేసే అన్నం తగ్గించండి. రెండు చెంచాలే వేస్తే పడేదీ అంతే. కింద పాత నూలు చీర పరిచి, పడిన మెతుకులు కాకులకో పిచ్చుకలకో వేయొచ్చు. వార్తాపత్రిక వద్దు, తడికి సిరా ఊడి అన్నానికి అంటుతుంది. వేసవిలో బిడ్డను డైపరుతో కూర్చోబెట్టడమే నయం, పసుపు మరకల బట్టలు ఉతికే పని ఉండదు. అలాగే ఉదయం మీరు చెంచా ఇచ్చి, సాయంత్రం తాతయ్య పరిగెత్తించి తినిపిస్తే నేర్పింది నిలవదు. ఇంట్లో వాళ్లందరితో కనీసం ఒక పూట మాట కుదుర్చుకోండి, ఆ పూట ఎవరున్నా బిడ్డే తినాలి.

గొంతుకు అడ్డం పడితే

తినేటప్పుడు ఓకరింత వచ్చి మొహం ఎర్రబడి, దగ్గి ముద్ద బయటకు తోసేస్తే భయపడకండి, వీపు మీద కొట్టకండి. గొంతు తనను తాను కాపాడుకుంటోంది. దగ్గు, ఏడుపు, శబ్దం ఏవీ రాకపోయినా, ఊపిరి అందకపోయినా ప్రమాదం, పెదవులు నీలంగా మారేదాకా ఆగకండి. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కండి. ఏడాది దాటిన బిడ్డనైతే ముందుకు వంచి వీపు మీద 5 సార్లు చరిచి, రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. వస్తువు బయటికి వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూ, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. బిడ్డ స్పృహ తప్పితే 108 వాళ్లు ఫోన్లో చెప్పినట్టు గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకండి, లోపలికి పోతుంది. నీళ్లు పట్టకండి.

నాలుగేళ్లు నిండేదాకా వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, పచ్చి క్యారెట్ ముక్కలు, కొబ్బరి ముక్కలు ఇవ్వొద్దు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు కోయండి. సీతాఫలం, సపోటా, రేగిపండు గింజ తీసే ఇవ్వాలి. చేప పెడితే ముళ్లు వేళ్లతో తడిమి తీయాలి, కంటితో చూస్తే చాలదు. తేనె ఏడాది లోపు చుక్క కూడా వద్దు.

ఏడాది వచ్చినా ఏదీ నోటికి తీసుకెళ్లకపోతే, 18 నెలలకు కూడా చేత్తో తినే ప్రయత్నం చేయకపోతే, ప్రతి పూటా పొలమారి తిన్నాక గొంతు తడితడిగా వినిపిస్తే, ఏడాది లోపే ఒక చేయి మాత్రమే వాడుతూ రెండోది వదిలేస్తుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

జూన్‌లో బడిలో వేస్తుంటే ఏప్రిల్ నుంచే మధ్యాహ్నం పూట డబ్బాలో పెట్టి తినిపించడం అలవాటు చేయండి. క్లిప్పులున్న స్టీలు డబ్బా మూత చాలామంది మూడేళ్ల పిల్లలకు లేవదు, కొనేముందు కొట్లోనే బిడ్డ చేత తీయించి చూడండి. అన్నం డబ్బా అంచు దాకా నింపకుండా సగం వరకే పెట్టండి, చెంచా తిరగడానికి చోటుంటుంది. నాలుగు గంటల తర్వాత అన్నం గట్టిపడుతుంది కాబట్టి ఉదయం కలిపేటప్పుడు పెరుగు రోజూ కన్నా రెండు చెంచాలు ఎక్కువ వేయండి.